ఒండ్రు నేల మీద ఆదుర్రు స్తూపం

మా రాజోలు వైపు పునాది తియ్యడమంటే నీళ్లతో పేచీ. కాస్త లోతుకి వెళ్తే ఒండ్రు, ఇంకాస్త వెళ్తే ఊట. రాయి కావాలంటే గోదావరి అవతల నుంచి తెచ్చుకోవాల్సిందే. తాపీ పట్టి బతికినవాణ్ని కాబట్టి, మామిడికుదురు మండలం ఆదుర్రులో, వైనతేయ గోదావరి పక్కనున్న బౌద్ధ స్తూపానికి నేను వెళ్లేది కట్టుబడి చూడ్డానికే.

ఊళ్లో దాన్ని దుబరాజు గుడి అంటారు. 1953లో పురావస్తు శాఖ తవ్వితే స్తూపంతో పాటు చైత్యాల, విహారాల ఆనవాళ్లు బయటపడ్డాయి. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ ఇక్కడ శంకుస్థాపన చేసిందని చెబుతారు. అది నేను కథగానే వింటాను.

స్తూపం అడుగు బండి చక్రంలా ఉంటుంది. నడుమ గుండ్రని దిమ్మ, చివర చుట్టుగోడ, రెంటినీ కలుపుతూ ఆకుల్లా అడ్డగోడలు, సందుల్లో మట్టి. అది ధర్మచక్రమని పండితులంటే కాదనను. కానీ మట్టి గుట్టగా పోసి చుట్టూ ఒక్క గోడే కడితే నాలుగు వానలకి ఉబ్బి పగులుతుంది. అరలు చేస్తే ఏ అర బరువు ఆ అరే మోస్తుంది, ఇటుకా కలిసొస్తుంది. నాలుగు దిక్కులా ముందుకొచ్చిన ఆయక వేదికలు ఆంధ్ర స్తూపాల ప్రత్యేకత. వాటి మీద ఐదేసి స్తంభాలు నిలపడం ఆనవాయితీ: బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం.

బౌద్ధ సంఘం పెట్టుకున్న వినయ నియమాల ప్రకారం భిక్షువు మట్టి తవ్వకూడదు, తన కూడు తాను వండుకోకూడదు. పాత్ర పట్టుకుని ఇంటింటికీ వెళ్లాలి. అందుకే విహారానికి ఊరు దగ్గరుండాలి. పార, తాపీ పట్టింది మావంటివాళ్లే. ఖర్చు దాతలది. అమరావతి స్తూపం శాసనాల్లో వర్తకులతో పాటు ఒక చర్మకారుడి పేరూ కనిపిస్తుంది.

ఫ్రాన్సులో సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసులది దీనికి ఎదురు దారి. 1098లో సీతో అనే చిత్తడి చోట మొదలై, జనానికి దూరంగా లోయల్లో దిగారు. కాలవలు మళ్లించి, తామే పొలం చేశారు. 1118లో పుట్టిన ఫాంతెనే మఠంలో కొలిమిశాల ఇప్పటికీ నిలిచి ఉంది, అక్కడ ఏటి నీటితోనే సమ్మెట ఆడించేవారట. గోడలకి బొమ్మలు వద్దు, కిటికీలకి రంగు అద్దాలు వద్దు అన్నది వాళ్ల కట్టుబాటు. మధ్యలో చదరపు ముంగిలి, చుట్టూ నడవా. మన విహారాల్లోనూ గదుల తలుపులు ముంగిలి వైపే కదా! సిస్టర్షియన్లు వంటశాల, భోజనశాల మాత్రం చర్చికి ఎదురు వరసలో, నీరు అందే చోట కట్టేవారు.

అక్కడా బరువు పని ఎక్కువగా చేసింది చదువురాని సోదరులు. వాళ్లూ వ్రతం పట్టినవాళ్లే, కానీ ప్రార్థన వేళ వాళ్ల చోటు చర్చి పడమటి చివర, చదువుకున్న సన్యాసుల వెనక.