మొద్దుబారిన పెదవి

అనంతపురంలో మాకు తెలిసిన ఒక ఇంట ఏడేళ్ల బాలుడున్నాడు. ఆటిజం ఉన్న బిడ్డ, మాటలు తక్కువ. రాత్రిళ్లు తల గోడకేసి కొట్టుకుంటుంటే మొండితనమనే అందరూ అనుకున్నారు. దవడపన్ను పుచ్చిందని ఆలస్యంగా తెలిసింది. బోరునీటి ఫ్లోరైడ్ వల్ల గారపళ్లు మన కరవుసీమలో మామూలే గనుక, పిల్లల నోట్లోకి పరీక్షగా చూసే అలవాటు మనకు తప్పిపోయింది.

పన్ను తీయించి ఇంటికి తెచ్చిన గంటకే కింది పెదవి వాచి నెత్తురోడింది. మత్తు పడలేదన్నది నానీ. తావీజు కట్టించమన్నారు ఇంకొకరు. ఇక దంతవైద్యుని గడప తొక్కకూడదని నిశ్చయించుకున్నారు. మమ్మల్ని కలవరపెట్టింది ఆ నిశ్చయమే. ఎందుకంటే మత్తు వికటించలేదు. లిగ్నోకైన్ సూది వేశాక పన్ను దగ్గర తిమ్మిరి తగ్గినా పెదవి, చెంప రెండు మూడు గంటలు మొద్దుబారే ఉంటాయి. తనది కానిదేదో నోటికి అతుక్కున్నట్లు తోచి బిడ్డ కొరికాడు. నొప్పి తెలియక కొరుకుతూనే పోయాడు. ఆ మందుకు నిజమైన అలర్జీ చాలా అరుదు. అయితే ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కనిపిస్తే క్షణం ఆగరాదు.

కుర్చీలో కూర్చోలేని పిల్లలకు కొన్నిసార్లు పూర్తి మత్తు ఇస్తారు. తెలివి వచ్చేవేళ కొందరు తల్లిని కూడా గుర్తించక కాళ్లూచేతులూ కొట్టుకుంటారు. ఆటిజం లేని పిల్లల్లోనూ ఇది ఉన్నదే, చాలావరకు కాసేపట్లో సద్దుమణుగుతుంది. ముందుగా ఇచ్చే మిడజోలం కొద్దిమందిని శాంతపరచకపోగా రెచ్చగొడుతుంది. రిస్పెరిడోన్, మూర్ఛమందులు వాడుతుంటే ఆ చీటీలన్నీ మత్తు డాక్టరుకు చూపాలి.

మరొక సంగతి. పూర్తి మత్తుకు 6 గంటల ముందు ఆహారం, 2 గంటల ముందు మంచినీళ్లు సాధారణంగా ఆపమంటారు. ఉపవాసం విలువ ఎరిగిన ఇళ్లలోనే, బిడ్డ ఏడుస్తున్నాడని చాటుగా బిస్కట్టు పెట్టే చేతులను చూశాము. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణానికే ముప్పు. పెట్టి ఉంటే దాచకండి. చికిత్స వాయిదా పడుతుంది, అంతే.

ఆ బాలునికి ఇంకో పన్ను పుచ్చింది. ఈసారి తల్లి ముందే రెండుసార్లు తీసుకువెళ్లి ఊరకే కుర్చీలో కూర్చోబెట్టింది. రద్దీ లేని తొలి గంట అడిగింది. పన్ను తీశాక పెదవికీ పళ్లకూ నడుమ దూది పెట్టించి, గోడగడియారం చూస్తూ మూడు గంటలు బిడ్డ పక్కనే కూర్చున్నది.