ఎండ ఒక్కటే చాలదు

ఏప్రిల్ మధ్యాహ్నం పుదుచ్చేరి బీచ్ రోడ్డు నుంచి చూస్తే, ఇంత ఎండ, ఇంత నీరు ఉన్నచోట మొక్కలకు కొరతేమిటి అనిపిస్తుంది. ఈ నీటిలో కంటికి ఆనని మొక్కలు వృక్షప్లవకాలు. కానాగంతల నుంచి వంజరం దాకా చేపలన్నిటి తిండికీ మూలం అవే. అన్నీ కుదిరితే ఒక కణం రోజు తిరిగేసరికి రెండవుతుంది. కానీ బంగాళాఖాతంలో అన్నీ కుదరడం అరుదు.

ముందు కొరత పడేది నత్రజని. ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ పేరుతో ప్రసిద్ధమైన లెక్క ప్రకారం, ప్లవకాల ఒంట్లో భాస్వరం పరమాణువు 1 ఉంటే నత్రజనివి సగటున 16 ఉంటాయి. లోతు నీటిలో నైట్రేటుకు లోటు లేదు, అది పైకి రావడమే కష్టం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక కనుక పైనే పరుచుకుంటుంది. ఇక్కడి గాలులకు ఆ పొరను కలియబెట్టే బలం చాలదు. అరేబియా సముద్రంలో నైరుతి గాలులు అడుగు నీటిని పైకి లాగుతాయి కాబట్టే అక్కడ ప్లవకాలు అంతగా పెరుగుతాయి.

ఒడ్డుకు దగ్గరగా కథ మారుతుంది. పుదుచ్చేరికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో. అప్పుడు అరియాంకుప్పం ఏరు పోషకాలతో పాటు బురదనూ సముద్రంలోకి తెస్తుంది. పైన మబ్బు, నీటిలో మడ్డి. ఏప్రిల్‌లో నత్రజనికి మొహం వాచిన కణమే నవంబరులో వెలుతురు కోసం అల్లాడుతుంది.

ప్లవకాలన్నిటి ఆకలీ ఒకటి కాదు. డయాటమ్‌లకు సిలికా కూడా కావాలి. కీటోసెరాస్ అనే డయాటమ్‌ను సూక్ష్మదర్శినిలో చూస్తే గాజు పెంకుల కణాలు గొలుసుగా, ఒక్కోదానికి పొడవాటి ముళ్లతో కనిపిస్తాయి. ఆ గాజుకు ముడిసరుకు రాళ్లు అరిగి నదుల్లో కలిసిన సిలికానే. ట్రైకోడెస్మియం అనే ప్లవకం తీరు వేరు. నీటిలో కరిగిన నత్రజని వాయువునే అది వాడుకోగలదు. 2007 మార్చిలో కల్పాక్కం తీరంలో ఇది విపరీతంగా పెరిగింది. అలా పెరిగినప్పుడు నీటి మీద రంపపు పొట్టులా తేలుతుంది. నత్రజని బెంగ తీరినా దానికి ఇనుము, భాస్వరం తప్పవు. ఒక కొరత తీరితే ఇంకోటి అడ్డుపడుతుంది.

అలాగని ఊరి మురుగునీరు సముద్రానికి ఎరువని సరిపెట్టుకోవడం తప్పు. అందులో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి, సిలికా ఆ మోతాదులో ఉండదు. డయాటమ్‌లు వెనకబడి వేరే జాతులు ముందుకొస్తాయి. గుంపుగా పెరిగినవి చచ్చి కుళ్లితే నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ దెబ్బ చేపలకు, వాటి మీద బతికే పల్లెలకు తగులుతుంది.

హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూపే ప్లవకాల పత్రహరితాన్ని బట్టి చేపలు దొరికే చోట్లను జాలర్లకు చెబుతోంది. సముద్రం రంగు చూసే ఓషన్‌శాట్-3 ఉపగ్రహం 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచే ఎగిరింది. ఒడ్డు పక్కన మాత్రం బురద రంగు పత్రహరితం లెక్కను తారుమారు చేస్తుంది. అందుకే పుదుచ్చేరి లాంటి తీరంలో పడవ మీద వెళ్లి, సీసాల్లో నీళ్లు పట్టి, నైట్రేటు, సిలికా కొలిచే పని ఏళ్ల తరబడి ఆగకుండా సాగాలి.