మీకు తెలుసా? పావగడ కొండ ఒకప్పుడు ద్రవం

చుట్టూ దాదాపు అంతా ఆంధ్రప్రదేశే. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, సంతలో వినబడే మాట తెలుగు. ఘనం, ద్రవం, వాయువు అని బడిలో చదువుకున్న పాఠాన్ని కళ్లారా చూడాలంటే పావగడ తాలూకాకు మించిన చోటు నాకు తోచదు. రాయి, ఎండ, గాలి, బోరు నీళ్లు. ఇక్కడి బతుకంతా ఈ నాలుగింటి చుట్టూనే.

● కోట నిలబడిన ఆ కొండ రాయి సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో మరిగిన శిలాద్రవం. దీన్ని క్లోజ్‌పేట గ్రానైట్ అంటారు. క్లోజ్‌పేట అనేది రామనగరానికి పాత పేరు. అటునుంచి పావగడ మీదుగా ఉత్తరానికి వందల కిలోమీటర్లు సాగిన రాతిపట్టీ ఇది. ద్రవంలో కణాలు ఒకదాన్నొకటి వదలవు గానీ చోటు మార్చుకుంటూ జారుతుంటాయి. చల్లారే కొద్దీ వరసలో కుదురుకుంటాయి. ఈ రాయి లోతున చాలా నిదానంగా చల్లారింది కాబట్టి కణాలకు తమ చోటు వెతుక్కునే తీరిక దొరికింది. పగలగొట్టిన గుండులో గులాబీరంగు పలుకులు మెరుస్తాయి చూడండి, ఆ ఫెల్‌స్పార్ అంత పెద్దగా పెరగడం వెనక ఉన్నది ఆ తీరికే. అదే ద్రవం నేల మీదికి పొంగి గబగబా చల్లారి ఉంటే పలుకులు కంటికి ఆనేవి కావు.

● బండను నిప్పుతో లేపవచ్చు. ఘనపదార్థంలో కణాలు కదలవనుకుంటాం. ఉన్నచోటే ఊగుతూనే ఉంటాయి. వేడెక్కితే ఊపు పెరుగుతుంది, ఎడం పెరుగుతుంది. పది మీటర్ల గ్రానైట్ బండ 30 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. అంతేనా అనిపిస్తుంది. కానీ రాయి వేడిని లోపలికి త్వరగా పోనివ్వదు. పైపొర సాగుతుంది, అడుగు చల్లగానే ఉంటుంది, రెండూ విడిపోతాయి. దక్షిణాది రాతిపనివాళ్లకు ఈ సంగతి పుస్తకాల అవసరం లేకుండానే తెలుసు. బండ మీద కట్టెలు వరసగా పేర్చి మంట పెట్టి, ఆ మంటను మెల్లగా ముందుకు జరుపుతూ పోయేవారు. మధ్యమధ్య సుత్తితో తట్టి చూసేవారు. ఖంగుమంటే పొర ఇంకా అతుక్కునే ఉంది, బోలుగా మోగితే లేచింది. ఎక్కడిదాకా లేచిందో చెవితోనే గీత గీసినట్టు చెప్పగలిగేవారు. నా దృష్టిలో ఇది ప్రయోగశాలలో జరిగే పనికి ఏమాత్రం తీసిపోదు.

● స్ఫటికాల్లో పరమాణువులు ఊగే తీరును లెక్కగట్టిన వాళ్లలో మన సూరి భగవంతం ఒకరు. 1909లో ఆగిరిపల్లిలో పుట్టారు, సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేశారు, ఆ తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యారు.

● ఎండ మండే కొద్దీ సోలార్ ప్లేటు ఇచ్చే కరెంటు పెరుగుతుందా? వెలుగు పెరిగితే పెరుగుతుంది, వేడి పెరిగితే తగ్గుతుంది. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు, ఈ ఐదు ఊళ్ల చుట్టూ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పరుచుకుని ఉంది. వానలు మొహం చాటేసి శెనక్కాయ చేతికి రాని నేల అది. రైతులు అమ్ముకోలేదు, కౌలుకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. ప్లేటులోని సిలికాన్ పరమాణువులు తమ వరస దాటి ఎక్కడికీ పోవు. వెలుగు తగిలి విడివడిన ఎలక్ట్రాన్లు మాత్రం తీగల వెంట తిరిగి మళ్లీ అక్కడికే చేరతాయి. అందుకే ఏళ్ల తరబడి పనిచేసినా సిలికాన్ తరగదు. వేడెక్కితే మాత్రం పరమాణువుల ఊపు ఎక్కువై వోల్టేజి పడిపోతుంది. 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున నష్టం. ప్లేటు 65 డిగ్రీలకు కాగిందంటే దాదాపు ఆరో వంతు పోయినట్టే.

● ఆ ప్లేట్ల మీది అద్దంలో కణాలకు వరస అంటూ లేదు. ద్రవంలో ఉన్నట్టు చిందరవందరగానే ఉంటాయి, కానీ జారవు. పాత కిటికీ అద్దాలు ఏళ్లు గడిచే కొద్దీ కిందికి కారతాయని చెప్పే మాట నిజం కాదు.

● పావగడ శనిమహాత్మ గుడిలో హారతి వెలిగితే ఆ కర్పూరం వాసన వెనక వరసలో ఉన్నవాళ్లకు చేరడానికి కాస్త సమయం పడుతుంది. విచిత్రమేమిటంటే గాలిలోని అణువులు సెకనుకు దాదాపు 500 మీటర్ల వేగంతో, శబ్దం కంటే జోరుగా పరుగెడుతుంటాయి. అయినా ఒక్కో అణువు సెకనులో వందల కోట్ల సార్లు మరో అణువును ఢీకొని దారి మళ్లుతుంది. గాలి వీచకపోతే వాసన ఇంకా నెమ్మది. కర్పూరం కరిగి నీరు కాకుండానే ఘనం నుంచి నేరుగా ఆవిరైపోతుంది, మూత తీసిన డబ్బాలో బిళ్లలు అరిగిపోయేది అందుకే. నువ్వులనూనె దీపంలోనూ మండేది నూనె ఆవిరే. వత్తి పీల్చి పైకి తెచ్చిన నూనె ముందు వాయువు కావాలి, ఆ తర్వాతే మంట.

● మట్టికుండ వేసవిలో బాగా పనిచేసే చోట్లలో పావగడ ఒకటి. కుండ గోడలోంచి చెమర్చిన నీటిలో అన్నిటికంటే చురుకైన అణువులు ముందుగా ఎగిరిపోతాయి, మిగిలినవి నెమ్మదైనవి, అంటే చల్లనివి. గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత చల్లన. సముద్రపు ఒడ్డున ఈ సుఖం దొరకదు.

● ఇక నీళ్ల సంగతి. దీన్ని తొందరపడి చెప్పి వదిలేయలేను. గ్రానైట్‌లోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. ఏళ్ల తరబడి రాతి పగుళ్లలో నిలిచిన నీరు ఆ కణాలను ఒక్కొక్కటిగా విడదీసి ఫ్లోరైడు రూపంలో తనలో కలుపుకుంటుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడును పట్టుకుని అడుగున దింపేస్తుంది, తక్కువైతే ఫ్లోరైడ్ నీటిలోనే తిరుగుతుంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. పావగడ బోర్లలో చాలావాటిలో అది దాటుతుంది. పళ్లు గారకట్టడం, కీళ్లు బిగుసుకుపోవడం ఈ తాలూకా ఎరిగిన బాధలే. నల్లగొండ, ప్రకాశం పల్లెలకూ కొత్త కాదు.

కరిగిన కణం కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, గుడ్డలో వడగడితే ఆగదు. కాచితే పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పోదు సరికదా, ఆవిరై వెళ్లేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి మరింత చిక్కబడుతుంది. పటిక, సున్నంతో దాన్ని గడ్డకట్టించి దింపే పద్ధతికి నల్లగొండ పేరే ఉంది. ఊళ్లలో ఫిల్టర్ నీళ్ల కేంద్రాలు పెట్టే ఆర్వో యంత్రం చేసేది వేరు. దాని పొర నీటి అణువులను ఒత్తిడితో అటు దాటిస్తుంది, కరిగిన ఫ్లోరైడులో చాలా భాగాన్ని ఇటే ఆపేస్తుంది. అలా ఆగిన ఫ్లోరైడ్ అంతా ఆ యంత్రం రెండో పైపులోంచి పారే నీళ్లలో చేరుతుంది. ఆ నీళ్లను గొడ్లకు పెట్టకూడదు, తిరిగి అదే బోరు పక్కన ఇంకనివ్వకూడదు.