వీథి బొమ్మను దిద్దుకోవడం

మదనపల్లె టమోటా మండీలో ఒక విద్యార్థి ఉదయం పూట బొమ్మ తీశాడనుకొందాం. ఎర్రని కాయల రాశి ముందు కూర్చొని ఒక స్త్రీ పుచ్చు కాయలను ఏరివేస్తున్నది. ఆమె కట్టుకొన్నది ఆకుపచ్చ చీర. కంటికి ఈ దృశ్యం ఎంతో స్పష్టంగా కనబడుతుంది. దానినే నలుపు తెలుపులోకి మార్చితే మాత్రం కాయలు ఎక్కడ ముగిసినవో, చీర ఎక్కడ మొదలయినదో తెలియదు. మనిషి రాశిలో కలిసిపోయింది.

ఈ బొమ్మను మిత్రులకు చూపితే సాధారణంగా వచ్చే జవాబు "బాగుంది" అని. అది మర్యాద మాటే కాని, దానివల్ల బొమ్మకు జరిగే మేలు లేదు. దానికి బదులు బొమ్మను అయిదు సెకన్లు చూపి, దాచివేసి, "మీ చూపు మొదట ఎక్కడికి పోయింది? అందులో ఏముంది?" అని అడగవలె. "ఏదో కుప్ప ఉన్నది, మనుషులెవరూ గుర్తు లేరు" అని ఒకరిద్దరు చెబితే అది పనికివచ్చే విమర్శ. లోపం ఎక్కడున్నదో అది వేలుపెట్టి చూపుతుంది. తపాలా సంఘాలు నడిచే దేశాలలో ఛాయాగ్రాహకులు ఒకరి ప్రతులు మరొకరికి పంపుకొని, వెంట ఉన్న కాగితం మీద అభిప్రాయాలు వ్రాసేవారు. ముఖాముఖి మొగమాటం లేనందువల్ల ఆ వ్రాతలలో నిజం కొంత ఎక్కువగానే ఉండేది.

ఇక మనిషి ఎందుకు మాయమయిందో చూద్దాం. డిజిటల్ కెమెరా ప్రతి బిందువు దగ్గర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను 0 నుంచి 255 వరకు అంకెలుగా నమోదు చేస్తుంది. నలుపు తెలుపుకు మార్చేటప్పుడు ఈ మూడింటిని కలిపి ఒకే అంకె చేయవలె. మన కన్ను ఆకుపచ్చకు ఎక్కువగాను, నీలానికి తక్కువగాను స్పందిస్తుంది. కనుక టెలివిజను కాలం నుంచి వాడుకలో ఉన్న ఒక సూత్రం ప్రకారం ఎరుపులో 0.299 వంతు, ఆకుపచ్చలో 0.587 వంతు, నీలంలో 0.114 వంతు తీసుకొని కూడుతారు. టమోటాలో ఈ అంకెలు వరుసగా 200, 40, 30 అనుకొంటే మొత్తం సుమారు 87 వస్తుంది. చీరలో 60, 110, 50 అనుకొంటే సుమారు 88 వస్తుంది. రంగులో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా బూడిద రంగులోకి వచ్చేసరికి ఒక్క అంకె అయింది! విద్యార్థులు ఈ లెక్కను తరగతిలోనే వేసి చూడవచ్చును.

పాళ్ళు మార్చితే బొమ్మ మారుతుంది. ఎరుపు ఒక్కటే తీసుకొంటే కాయలు 200, చీర 60. రాశి తెల్లగా మెరుస్తుంది, చీర నల్లబడుతుంది. ఆకుపచ్చ ఒక్కటే తీసుకొంటే కాయలు 40, చీర 110. ఇక్కడ చెప్పదలచినది మనిషిని గురించి కనుక రెండవదే మేలు. కాయలు నీడలోకి తగ్గి ఆమె ముందుకు వస్తుంది. అయితే మన చర్మం ఎరుపునే ఎక్కువగా వెనుకకు పంపుతుంది. అందువల్ల ఆకుపచ్చ పాలు మరీ పెంచితే ముఖం కూడ నల్లబడుతుంది. మధ్యే మార్గాన్ని కన్నే చెప్పవలె. ఫిల్ము రోజులలో ఈ పనినే కటకం ముందు రంగు గాజు పెట్టి చేసేవారు. అంతకుముందు వాడుకలో ఉన్న ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు సోకేది కాదు. దానితో తీస్తే టమోటాలు బొగ్గుల్లా కనబడేవి.

దిద్దుబాటుకు లొంగని తప్పు కూడ ఉన్నది. పుంగనూరు వీథిలో నీడ పడిన గోడ ముందు, ఎండలో ఒక తెల్లని పుంగనూరు ఆవు నిలిచి ఉన్నదనుకొందాం. సుమారు మూడడుగుల ఎత్తుండే ఆ పొట్టి ఆవు బొమ్మలో కొంచెం చోటే ఆక్రమిస్తుంది. కెమెరా చుట్టూ ఉన్న నీడను లెక్కించి కాంతిని పెంచుతుంది. ఆవు అంతటా 255 అవుతుంది. "కాగితం కత్తిరించి అతికించినట్లున్నది" అని చూసినవారు అంటే అది నిజమే. వెండ్రుకలు, ఎముకల మెలికలు అసలు నమోదే కాలేదు. లేనిదానిని ఏ యంత్రమూ తిరిగి తేలేదు. మరునాడు వెళ్ళి కాంతిని ఒకటి రెండు మెట్లు తగ్గించి తీయవలసిందే.

కుప్పం రైల్వే స్టేషనులో చిక్కు వేరు. కుప్పం సుమారు 12.75 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. ఏప్రిల్ చివరి వారంలోను, ఆగస్టు మూడవ వారంలోను అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగా నడినెత్తిన ఉంటాడు. ఆ వేళ ఆరుబయట నిలిచినవారి కనుబొమల నీడ కళ్ళను కప్పివేస్తుంది. చీకటిగదిలో ప్రతి వేసేటప్పుడు 20 సెకన్ల వెలుగులో 5 సెకన్లపాటు ముఖానికి చిన్న అట్టముక్క అడ్డం పెట్టి కదిలిస్తే ఆ చోటు తేటపడుతుంది. ఇప్పుడు ఆ పని వేలితో తెరమీద జరుగుతుంది. అంచున సగం తెగిన మనిషి దృష్టిని లాగితే ఆ అంచును కోసివేయవచ్చు. కోతను ఇష్టపడని హెన్రీ కార్టియే-బ్రెసాఁ కూడ 1932లో పారిస్ సాఁ-లజార్ స్టేషను వెనుక, కంచె పలకల సందులోంచి తీసిన బొమ్మలో అడ్డు వచ్చిన పలకను కోసివేశాడు. నీటిగుంటపై ఎగిరే మనిషి ఉన్న ఆ బొమ్మ ప్రపంచ ప్రసిద్ధమయింది.

వెలుగు పెంచడం, తగ్గించడం, కోయడం వేరు. వీథిలో లేనిదానిని చేర్చడం వేరు. అమెరికను ఛాయాగ్రాహకుడు యూజీన్ స్మిత్ ఆఫ్రికాలో వైద్యం చేసిన ఆల్బర్ట్ ష్వైట్జర్‌ను తీసిన బొమ్మ 1954లో లైఫ్ పత్రికలో వచ్చింది. అందులో కింది మూలన కనబడే రంపపు పిడి, చేయి ఆ నెగటివులోనివి కావు. ఆయన వాటిని మరొక నెగటివు నుంచి తెచ్చి చీకటిగదిలో కలిపాడు. పత్రిక చూసినవారికి ఆ సంగతి తెలియదు.