అక్కడ ‘చావ్‌’ అంటే పలకరింపే!

కాఫీ తాగాలంటే బారుకు వెళ్లాలి. పొద్దున ఏడింటికే ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లల్ని బడికి దింపే తండ్రులు.. అందరూ బారులోనే! హొసూరు నుంచి వెళ్లినవాళ్లకు ఆ బోర్డులు చూడగానే గుండె గుభేలుమంటుంది. వీధికి రెండు బార్లున్న ఊళ్లో ఆడపిల్లను ఎలా చదివించేది? తీరా లోపలికి అడుగుపెడితే గుప్పుమనేది కాఫీ వాసన. ఇటలీలో బార్‌ అంటే మన కాఫీ హోటలే. ఒక అరలో మందు సీసాలూ ఉంటాయి గానీ పొద్దున పూట వాటి వంక చూసేవాళ్లు తక్కువ.

మా అమ్మాయి చదివేది పాదువాలో. అక్కడివాళ్లు పాదొవా అంటారు. 1222లో మొదలైన విశ్వవిద్యాలయం అది. గెలీలియో 1592 నుంచి 1610 దాకా పాఠాలు చెప్పింది అక్కడే. మిలాన్‌, తూరిన్‌, బొలోన్యాల్లోనూ మన తెలుగు పిల్లలు చదువుతున్నారు. వాళ్లను చూసి రావడానికి వెళ్లే తల్లిదండ్రులను వీసా మీద ఉండనిచ్చేది 90 రోజులు. ఆ మూడు నెలల్లో నాకు అర్థమైంది ఇదీ.. ఇటలీవాళ్లు చాలా విషయాల్లో అచ్చం మనలాగే ఉంటారు. తంటా అంతా అక్కడే! మనలాగే కదా అని మన పద్ధతిలో పోతే కుదరదు.

కాఫీయే తీసుకోండి. మనలాగే వాళ్లకూ అది లేనిదే తెల్లారదు. కానీ ‘కఫే’ అని అడిగితే వచ్చేది చిన్న కప్పులో అడుగున రెండు గుక్కల చిక్కటి డికాక్షన్‌. బల్ల దగ్గర నిలబడి గుటుక్కున తాగేసి వెళ్లిపోవాలి. మామూలు బార్లలో చాలాచోట్ల ఒకటిన్నర యూరో లోపే. అదే కాఫీని కుర్చీలో కూర్చుని తాగితే ధర పెరుగుతుంది. నిలబడితే ఎంతో, కూర్చుంటే ఎంతో పట్టీ పెట్టి ఉంటుంది, చూసుకోవాలి. పాల కాఫీ కావాలని ‘లాత్తె’ అన్నారో, ఉత్త పాలు తెచ్చి పెడతారు. ఆ మాటకు అర్థమే పాలు. నురగ పాల కపుచినో పొద్దున పూటే తాగాలి. అన్నం తిన్నాక అడిగితే ఎవరూ కొట్టరు గానీ, పెరుగన్నంలో చక్కెర అడిగినవాణ్ని మనం చూసినట్టు చూస్తారు. అన్నట్టు, నేపుల్స్‌లో ఒక మంచి అలవాటుంది. తాను తాగింది ఒక కాఫీ అయినా రెండింటికి డబ్బు కట్టి పోతారు. ఆ రెండోది జేబులో డబ్బుల్లేక వచ్చే ముక్కూ మొహం తెలియనివాడికి!

దణ్ణం పెట్టాకే బేరం

ఇక వీధిలోకి వస్తే ఎటు చూసినా ‘చావ్‌ చావ్‌’. విన్న తెలుగువాడికి ఒక్కసారి ఉలిక్కిపాటు తప్పదు. ఆ మాట పుట్టింది పాదువా ఉన్న వెనెతో ప్రాంతంలోనే. వెనిస్‌ యాసలో బానిస అనే మాట నుంచి వచ్చింది. అంటే ‘మీ దాసుణ్ని’ అని వంగి చెప్పే మాట. ఇప్పుడు ఆ వినయమంతా పోయి నువ్వు నువ్వు అనుకునేవాళ్ల మధ్య పలకరింపుగా మిగిలింది. కాబట్టి పెద్దవాళ్లను, కొత్తవాళ్లను అలా అనకూడదు. పగలు ‘బోన్‌జోర్నో’, పొద్దు వాలుతుంటే ‘బోనసేరా’.

మనం కూరగాయల కొట్టుకు వెళ్తే ఏమంటాం? ‘అరకిలో బెండకాయలు’ అంటాం. అక్కడ ముందు పలకరింపు, తర్వాతే బేరం. మందుల షాపు, డాక్టరు గది, లిఫ్టు.. ఎక్కడైనా అంతే. పలకరించకుండా పని చెబితే గీర మనిషి అనుకుంటారు. ఇంగ్లిషు మాత్రమే వచ్చినవాళ్లు తికమకపడే మరో సంగతి మనకు మాత్రం చెప్పకుండానే తెలుస్తుంది. వాళ్లకూ నువ్వు, మీరు వేరువేరు. నువ్వుకు ‘తు’, మీరుకు ‘లెయి’. చిత్రమేమిటంటే ‘లెయి’ అంటే ఆమె అని కూడా. మీసాలున్న బ్యాంకు మేనేజరునైనా గౌరవించాలంటే ‘ఆమె’ అనాల్సిందే!

ఎవరింటికైనా వెళ్తే తలుపు తీసి రమ్మన్నా సరే, గడప దాటుతూ ‘పెర్మెస్సో’ అనాలి. రావచ్చా అని అడగడమన్నమాట. ఆ ఒక్క మాటతో పెద్దవాళ్ల ముఖం విచ్చుకోవడం నేను చాలాసార్లు చూశాను.

పాదువా నడిబొడ్డున పియాత్సా దెల్లె ఎర్బె అని ఒక సంత ఉంది. పక్కనే పండ్ల సంత. రెండింటి మధ్యలో నిలువెత్తు పాత న్యాయస్థాన భవనం. చూస్తే మన వారపు సంతే గుర్తొస్తుంది.. కేకలు, తూకాలు, కొసరు మాటలు. మన చేయి ఊరుకోదు కదా, టమాటా నొక్కి చూస్తాం, బెండకాయ కొస విరుస్తాం. అక్కడ సరుకు ముట్టుకోకూడదు. ఎన్ని కావాలో, ఎప్పుడు వండుతామో చెబితే అమ్మేవాడే ఏరి ఇస్తాడు. సూపర్‌మార్కెట్లో అయితే మనమే ఏరుకోవచ్చు గానీ, ప్లాస్టిక్‌ తొడుగు చేతికి వేసుకుని!

చిన్న ఊళ్లలో మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంటకల్లా షట్టర్లు దించేస్తారు. మళ్లీ తీసేది మూడున్నర, నాలుగింటికే. ఆ వేళలో వెళ్తే వీధిలో పిల్లి కూడా కనిపించదు. సాయంత్రం హోటళ్లలో ఏడున్నరకు ముందు పొయ్యి వెలగదు. ఆరున్నరకే ఆకలేస్తే బారులో ఏదో కొరుక్కోవాలి. ఆ సందులో జనమంతా ఇస్త్రీ బట్టలు కట్టుకుని నడకకు వస్తారు. ఎక్కడికో పోవడానికి కాదు. ఉన్న వీధిలోనే ఆ చివరి నుంచి ఈ చివరికి! తాతలు, చంటిపిల్లల బండ్లు, కొత్త జంటలు.. ఒకరినొకరు చూసుకోవడం, ఆగి మాట్లాడుకోవడం. మన ఊళ్లలో గుడి తిరునాళ్లప్పుడు మాత్రమే కనిపించే దృశ్యం వాళ్లకు రోజూ ఉంటుంది.

తిండి గురించి రెండు మాటలు చెప్పాలి. యూరప్‌లో అందరికన్నా ఎక్కువ వరి పండించేది ఇటలీయే. వెర్చెల్లి, నొవారా, పావియాల వైపు వెళ్తే మన డెల్టా చూసినట్టే ఉంటుంది. ఆ బియ్యంతో రిసొత్తో వండుతారు. పాస్తా అయినా, అన్నమైనా కాస్త పలుకు ఉండగానే దించేస్తారు. మెత్తగా ఉడికితే పాడైందని లెక్క. శాకాహారులకు మాత్రం కష్టమే. ‘మాంసం వద్దు’ అంటే సరేనని చేపముక్కలు వేసి తెచ్చేవాళ్లున్నారు. వాళ్ల లెక్కలో మాంసం వేరు, చేప వేరు. పైన చల్లే పార్మెజాన్‌ జున్నునూ దూడ పొట్టలోంచి తీసే పదార్థంతో తోడుపెడతారు. ఆ జున్నుకు పాలిచ్చే పో నది మైదానంలోని పశువుల కొట్టాల్లో పనిచేసేవాళ్లలో ఎంతోమంది మన పంజాబీలు!

దిష్టి వాళ్లకూ ఉంది

అమ్మమ్మల సంగతి వింటే నవ్వొస్తుంది. తడి తలతో బయటికి వెళ్లకు, తిన్న వెంటనే నీళ్లలో దిగకు, చెవిలో గాలి పోతుంది.. అన్నీ మన ఇంట్లో విన్నవే. దిష్టి కూడా ఉంది. దక్షిణాది ఊళ్లలో పళ్లెం నీళ్లలో నూనె చుక్కలు వేసి, అవి విడిపోయిన తీరును బట్టి దిష్టి తగిలిందో లేదో చెప్పే ముసలమ్మలున్నారు. దిష్టి తగలకుండా ఎర్రటి చిన్న కొమ్మును తాళాల గుత్తికి, మెడ గొలుసుకు తగిలించుకుంటారు. పదమూడుతో వాళ్లకు పేచీ లేదు, పదిహేడే చెడ్డది. రోమన్‌ అంకెల్లో పదిహేడును అటూ ఇటూ మారిస్తే లాటిన్లో ‘నేను బతికాను’ అని వస్తుందట. అంటే ఇప్పుడు లేనని!

ఇంత దగ్గరగా ఉన్నారు కదా అని పండుగ భోజనానికి పిలిచినప్పుడు చామంతులు పట్టుకెళ్తారేమో, వద్దు. మనకు గుమ్మానికి, పెళ్లి పందిరికి శుభమైన చామంతి అక్కడ సమాధుల పువ్వు. నవంబరు 1, 2 తేదీల్లో కుటుంబాలన్నీ శ్మశానానికి వెళ్లి పెట్టేది ఆ పూలే. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒకరోజు ముందు చెప్పడమూ కీడే. చనిపోయినవాళ్ల ఫొటో, అంత్యక్రియల వేళ అచ్చేసి వీధి బోర్డులపై అంటిస్తారు. అది చూస్తే మాత్రం మన కూడళ్లలోని శ్రద్ధాంజలి ఫ్లెక్సీలే గుర్తొస్తాయి. బిడ్డ పుడితే తలుపుకు రిబ్బను కడతారు.. మగపిల్లాడైతే నీలం, ఆడపిల్లయితే గులాబీ రంగు.

పాదువాకే ప్రత్యేకమైన వేడుక ఒకటుంది. చదువు పూర్తయిన రోజు తలకు ఆకుల దండ చుట్టి, చిత్రమైన వేషం వేయించి, నడిరోడ్డుపై నిలబెడతారు. స్నేహితులు నిలువెత్తు కాగితంపై బొమ్మ గీసి, వాడు చిన్నప్పటి నుంచి చేసిన వెధవ పనులన్నీ పద్యాలుగా రాస్తారు. వాటిని వాడే గట్టిగా చదవాలి, తడబడితే తాగాలి. పక్కన తల్లిదండ్రులు నిలబడి నవ్వుతుంటారు! మనవాళ్లయితే ఈపాటికి గొడవే.

ఇంటి మాట, బయటి మాట

తెలుగు మాస్టారుగా పనిచేసినవాణ్ని కాబట్టి నా చెవి భాష మీదే ఉండేది. తెలుగు ప్రాచ్య ఇటాలియన్‌ అని బళ్లో గొప్పగా చెప్పేవాళ్లం. అక్కడికి వెళ్లాక తెలిసింది.. పదాలు అచ్చుతో ముగియడమే కాదు, ఇంకా పోలికలున్నాయి. వాళ్ల త, ద అచ్చం మనవే, ఇంగ్లిషు ‘ట’ అక్కడ పనికిరాదు. ద్విత్వం పలికితే ఒక అర్థం, పలక్కపోతే ఇంకో అర్థం. ‘నొనో’ అంటే తొమ్మిదోది, ‘నొన్నో’ అంటే తాత. ‘సేతె’ దాహం, ‘సెత్తె’ ఏడు. పిల్లలతో దిద్దించడమే తప్ప విడిగా పెద్దగా వాడని మన ‘ఞ’ అక్కడ వీధి వీధినా వినిపిస్తుంది. బొలొఞ్ఞ, లజాఞ్ఞె!

అయితే అందరూ ఇంట్లో మాట్లాడేది ఈ ఇటాలియనే అనుకుంటే పొరపాటు. దేశం ఒక్కటైంది 1861లో. అప్పటికి దాన్ని మాట్లాడగలిగినవాళ్లు అతి కొద్దిమంది. ఒక్కో సీమకు ఒక్కో మాట. 1999లో చేసిన 482వ నంబరు చట్టం పన్నెండు అల్పసంఖ్యాక భాషలను గుర్తించింది. అందులో అల్బేనియన్‌ ఒకటి. తుర్కుల దండయాత్రలకు వలస వచ్చినవాళ్లు 1488లో సిసిలీలో కట్టుకున్న పియానా దెల్యి అల్బనేజి అనే ఊళ్లో ఇప్పటికీ ఆ భాష బతికే ఉంది. తమిళనాట నాయకరాజుల కాలం నాటి నుంచి ఉన్న మనవాళ్లకు ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

పాదువా నుంచి వెరోనా మీదుగా రైల్లో ఉత్తరానికి వెళ్తే బొల్జానో వస్తుంది. స్టేషన్‌ బోర్డు నుంచి వీధి పేరు దాకా అన్నీ జర్మన్‌, ఇటాలియన్‌ రెండింట్లో ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రియా నుంచి ఇటలీకి వచ్చిన సీమ అది. ముసోలినీ కాలంలో జర్మన్‌ బడులు మూయించారు. ఇళ్లలో, కొట్టాల్లో దొంగచాటుగా పిల్లలకు అక్షరాలు దిద్దించారు. ఇప్పుడక్కడ సర్కారు కొలువు కావాలంటే రెండు భాషలూ వచ్చని పరీక్ష నెగ్గాలి. జర్మన్‌ పిల్లలకు జర్మన్‌ బడులున్నాయి, వాటిలో ఇటాలియనూ నేర్పుతారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత మన తెలుగు బడుల పిల్లలు పడిన అవస్థ చూసిన నాకు ఆ బోర్డుల ముందు కాసేపు కాలు కదల్లేదు.

వెనెతో భాషకు మాత్రం ఆ పన్నెండింటిలో చోటు లేదు. మా అమ్మాయి అద్దె ఇంటి పైఅంతస్తులో ఒక పెద్దావిడ ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం కొడుకు కుటుంబమంతా భోజనానికి వస్తుంది. ఒక వారం మమ్మల్నీ పిలిచింది. ఆవిడ మనవణ్ని వెనెతోలో అడుగుతోంది, వాడు ఇటాలియన్‌లో చెబుతున్నాడు. అర్థం కాక కాదు, నోటికి రాక. నేను తెలుగులో అడిగితే మా మనవడు తమిళంలో చెప్పినట్టే. ఆవిడకు కుర్చీ ‘కరేగా’, వాడికి ‘సేదియా’. ఆవిడకు ఫోర్కు ‘పిరోన్‌’, వాడికి ‘ఫొర్కెత్తా’. నేను పలక చదివినట్టు ‘పిరోన్‌, కరేగా’ అని వల్లిస్తుంటే ఆవిడ పడీపడీ నవ్వి, నా పళ్లెంలో ఇంకో గరిటె రిసొత్తో వడ్డించింది. మనవడు మాత్రం ఆ రెండు మాటలూ నన్ను మళ్లీ పలకమని అడిగాడు.