చందాలతో కట్టిన సామ్రాజ్యం!

ఘీంకరిస్తూ ఏనుగుల దండు కదిలింది. వెనకే విలుకాళ్లు. నడిపిస్తున్నది చంద్రగుప్త మౌర్యుడు. ఎదురుగా ఉన్నదేమో... రోమన్ సైన్యం!

చరిత్రలో ఎన్నడూ జరగని ఈ యుద్ధాన్ని కంప్యూటర్లో మనమే జరిపించొచ్చు. ఆ ఆట పేరు 'జీరో ఏడీ'. చాణక్యుడూ అశోకుడూ కూడా ఉంటారందులో. పైసా కట్టక్కర్లేదు. మధ్యలో ప్రకటనలు రావు. 'ఇంకో వంద కడితేనే కొత్త ఆయుధం' అన్న పేచీ లేదు. మరి తయారుచేసేవాళ్లకు డబ్బెక్కణ్నుంచి వస్తుంది? ఊళ్లో రామాలయానికి వచ్చినట్టే... చందాల రూపంలో!

తాళం లేని ఆట

2001లో కొందరు ఆటల ప్రియులు 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండో భాగాన్ని మార్చి, ప్రాచీన రాజ్యాల ఆటగా చేద్దామనుకున్నారు. తర్వాత ఆ ఆలోచన మార్చుకుని సొంత ఆటకే పూనుకున్నారు. ఎవరి పనులు వాళ్లు చూసుకుంటూ తీరిక వేళల్లో కోడ్ రాశారు, బొమ్మలు గీశారు. 2009లో ఆ కోడ్‌ని అందరికీ ఇచ్చేశారు. అదే ఓపెన్ సోర్స్. కూర వడ్డించి, అది వండే విధానం కూడా చెప్పేయడం లాంటిదన్నమాట. కావాలంటే ఎవరైనా నేర్చుకోవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచొచ్చు.

అయితే తీరిక వేళల్లో చేసే పని తాబేలు నడకే. జీతమిచ్చి ఒక ప్రోగ్రామర్‌ని పూర్తిగా ఈ పనికే పెట్టుకోవాలని 2013లో ఇండీగోగో వెబ్‌సైట్ ద్వారా చందాలు అడిగారు. లక్ష్యం లక్షా 60 వేల డాలర్లు. వచ్చింది 33 వేల పైచిలుకు. అంటే ఐదో వంతు!

మామూలు కంపెనీ అయితే అక్కడితో దుకాణం కట్టేసేది. ఆటా అటకెక్కేది. కానీ ఇక్కడ అటకెక్కించడానికి యజమాని ఒక్కడు కాదు. కోడ్ అందరి దగ్గరా ఉంది. ఒకరు అలసిపోతే మరొకరు అందుకున్నారు. డబ్బు తగ్గితే పని నెమ్మదించిందే తప్ప ఆగలేదు.

ఏడు వారాల్లో లక్ష

అన్నిసార్లూ చందాలు తక్కువే పడతాయనుకుంటే పొరపాటు. త్రీడీ బొమ్మలు తయారుచేసే 'బ్లెండర్' సాఫ్ట్‌వేర్ కథే చూడండి. 2002లో దాన్ని నడిపే డచ్ కంపెనీ మూతపడింది. లక్ష యూరోలిస్తే కోడ్ అందరిదీ అవుతుందన్నారు. వాడేవాళ్లంతా తలో చెయ్యీ వేసి ఏడు వారాల్లోనే ఆ మొత్తం పోగుచేశారు. ఆ బ్లెండర్‌తోనే 2008లో 'యో ఫ్రాంకీ' అనే ఓపెన్ సోర్స్ ఆట వచ్చింది. అందులో హీరో ఓ అల్లరి ఎగిరే ఉడుత!

ఒక్కసారి జోలె పట్టడం కన్నా నెలనెలా కాస్తంత అడగడం మేలన్నది మరో దారి. ఆటల తయారీకి పనికొచ్చే 'గోడో' ఇంజిన్ అర్జెంటీనాలో పుట్టింది. 2017లో దానికి పేట్రియాన్ ద్వారా నెలవారీ చందాలు మొదలయ్యాయి. ఒక్కసారి వచ్చే పెద్ద మొత్తం ఖర్చయిపోతే మళ్లీ మొదటికే. నెలనెలా వచ్చే చిన్న మొత్తమైతే జీతానికి భరోసా.

ఇచ్చే ముందు...

చందా అంటే కొనుగోలు కాదు. అనుకున్న సమయానికి ఆట రాకపోవచ్చు, అసలు రాకనూ పోవచ్చు. అందుకే కోడ్ ఇప్పటికే అందరికీ అందుబాటులో ఉందా, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది అన్నవి చూసుకోవాలి. 'జీరో ఏడీ' చందాల్ని ఆట తయారీదారులు కాకుండా ఓ లాభాపేక్ష లేని సంస్థ చూస్తుంది. పిల్లలు అడిగారని కార్డు నంబరు కొట్టేయకుండా, ఈ రెండూ వాళ్లతో కలిసి చూస్తే వాళ్లకూ ఓ పాఠమే.

ఇంతకీ ఆ మౌర్యుల ఆట ఏమైందంటారా? 2013లో లక్ష్యం అందని ఆ ఆటకి 2025 జనవరిలో 27వ విడుదల వచ్చింది. దానికి పెట్టిన పేరు... 'అగ్ని'!