లాభం మీద పన్ను, వరద నష్టానికి పరిహారం



పై చేను ఆసామి గట్టు తెంపినాడనుకోండి. కింది చేనులో నాట్లు కొట్టుకుపోయినవి. పెద్దమనుషులు కూర్చుంటే ఏమంటారు? తెంపినవాడే నష్టం కట్టాలంటారు. దేశాల మధ్య ఇప్పుడు నడుస్తున్న తగవు ఇటువంటిదే.

బొగ్గు, చమురు మండించినప్పుడు బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరి భూమిని వేడెక్కిస్తున్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టగలదు. అందుచేత కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. 2022లో పాకిస్తాన్ సంగతి చూడండి. ఆ వానంతా దీనివల్లనే అనలేము గాని, దీనివల్ల ముదిరి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 3 కోట్ల 30 లక్షల మంది వరద పాలైనారు. 1,700 మందికి పైగా చనిపోయినారు. సింధు ప్రాంతంలో ప్రత్తి చేలు నెలల తరబడి నీళ్ళలోనే ఉన్నవి. నష్టం లెక్కవేస్తే 3,000 కోట్ల డాలర్లు దాటింది. ప్రపంచం ఏటా విడిచే వాయువులలో ఆ దేశం వంతు నూటికి ఒకటి కూడా లేదు. అదే ఏడు ఎక్సాన్ మొబిల్ అనే ఒక్క అమెరికా చమురు కంపెనీకి మిగిలిన లాభం సుమారు 5,570 కోట్ల డాలర్లు!

ఆ నవంబరులో ఈజిప్టులో దేశాలన్నీ కూర్చుని నష్ట నిధి ఒకటి పెట్టాలని ఒప్పుకొన్నవి. 2023లో దుబాయ్ సమావేశంలో అది మొదలైంది. అక్కడ రాసిన చందాలు దాదాపు 70 కోట్ల డాలర్లు. అన్ని బీద దేశాలకూ కలిపి ఇంతే. పాకిస్తాన్ ఒక్క వరద నష్టంలో నూటికి మూడు వంతులు రాదు. చందా గదా, ఇవ్వకపోతే అడిగేవాడు లేడు. చమురు, బొగ్గు కంపెనీల అధిక లాభాల మీద పన్ను వేసి, అందులో కొంత నష్టపోయిన దేశాలకు ఇవ్వండని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ 2022 సెప్టెంబరులోనే ధనిక దేశాలను కోరినారు.

ఈ సంగతి నేనొక ఊళ్ళో చెబుతుంటే ఒక పెద్దాయన, "బాగానే ఉంది గానీ అయ్యా, చివరికి అది మా ఇంజను డీజిలు మీదనే పడదూ?" అన్నారు. మంచి ప్రశ్న. లీటరు మీద వేస్తే మన మీదనే పడుతుంది. లాభం మీద వేస్తే వేరు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో చమురు ధర పెరిగింది. బావిలోంచి చమురు తోడే ఖర్చు మాత్రం అంతగా పెరగలేదు. ఆ తేడా కంపెనీ సంచిలో పడింది. ధర తేల్చేది ప్రపంచ బజారు కాబట్టి, ఆ మిగులులో కోత పెట్టినంత మాత్రాన డీజిలు ధర పెరగాలని లేదు.

మన దేశంలోనూ 2022 జూలై 1న ఇక్కడ తీసిన ముడిచమురు మీద టన్నుకు 23,250 రూపాయల ప్రత్యేక సుంకం వేశారు. పేరుకు టన్ను మీదనే గాని, పదిహేను రోజులకొకసారి సరిచూసి, బజారు ధరను బట్టి ఎక్కించడం, దించడం చేసేవారు. 2024 డిసెంబరులో తీసివేశారు. ఆ సొమ్ము మన ఖజానాకే పోయింది, నష్ట నిధికి కాదు. చిక్కంతా అక్కడే ఉన్నది. పన్ను వేసే అధికారం ఏ ప్రభుత్వానికా ప్రభుత్వానిదే. తన పెట్టెలో పడిన డబ్బు పక్క ఊరికి పంపడానికి ఎవరికి చేతులొస్తాయి?

అయినా బొత్తిగా కాని పని కాదు. సముద్రంలో చమురు ఓడ పగిలి వలలు, చేపలు పాడైతే జాలరులకు పరిహారమివ్వడానికి 1978 నుంచే అంతర్జాతీయ నిధి ఉన్నది. సభ్య దేశాలలో ఏటా లక్షన్నర టన్నులకు మించి సముద్రం మీదుగా చమురు దింపుకొనే కంపెనీలు టన్నుల లెక్కన దానికి చెల్లించాలి. మన దేశం కూడా అందులో ఉన్నది. కాలిన చమురుకు ఇటువంటి వసూలు ఇంతవరకు పెట్టలేదు. నష్ట నిధి ఈనాటికీ చందాల మీదనే నడుస్తున్నది.